ఇంటి కప్పుకి ఏ పెంకు వెయ్యాలి? కొనేముందు వరసగా తేల్చుకోవాల్సినవి

పెంకుల దుకాణంలో అడుగు పెట్టగానే ముందు చూపించేవి రంగులు. ఇటుక ఎరుపు, కాఫీ రంగు, బూడిద రంగు, రెండు రంగులు కలగలిసినవి. అక్కడే ఒకటి నచ్చుతుంది, అడ్వాన్సు ఇచ్చేస్తారు, ఇంటికొచ్చాక వెల్డరుని పిలిచి "దీనికి తగ్గట్టు ట్రస్ కట్టు" అంటారు. నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందుల వరస. కప్పు వాలు ఎంత, కింద చట్రం (ట్రస్) ఎంత బరువు మోస్తుంది, మీ ఊళ్లో గాలి ఎంత జోరుగా వీస్తుంది అన్న మూడు సంగతులూ ముందు తేలాలి. అవి తేలేసరికి పది రకాల్లోంచి రెండో మూడో మిగులుతాయి. రంగూ ధరా అప్పుడు చూసుకోవచ్చు.

ముందు మీ కప్పు ఏ కోవదో చూసుకోండి

పెంకు వేసే చోట్లు మన దగ్గర మూడు రకాలు. ఒకటి, కర్ర దూలాలూ వాసాలూ లేదా ఇనప ట్రస్ మీద నేరుగా పెంకు పరిచే కప్పు. అసలైన పెంకుటిల్లు ఇదే. డాబా మీద పైపులతో షెడ్డులా లేపి వేసేదీ ఈ కోవలోకే వస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే.

రెండోది, వాలుగా పోసిన స్లాబు మీద అందానికి అతికించే పెంకు. పోర్టికో మీదా డూప్లెక్స్ ఎలివేషన్లలోనూ కనిపించేది ఇదే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వాన ఆపాల్సింది ఆ స్లాబే, పెంకు కాదు. "స్లాబు కారుతోంది, పైన పెంకు వేస్తే ఆగిపోతుంది" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. పెంకుల సందుల్లోంచి దిగిన నీళ్లు సిమెంటు పరుపులో నిలిచిపోతాయి, కారడం ఇంకా ఎక్కువవుతుంది. పైగా ఎక్కడ కారుతోందో వెతకడానికి పెంకులన్నీ పగలగొట్టుకోవాలి. ముందు స్లాబుకి వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. నీళ్లు పోసి నిలవగట్టి చూసే వీలు వాలు స్లాబుకి ఉండదు కాబట్టి ఒక గట్టి వాన చూడండి, లేదా పైనుంచి గొట్టంతో గంటసేపు నీళ్లు వదలండి. కింద చెమ్మ రాలేదని తేలాకే పెంకు. అదీ సిమెంటులో పాతిపెట్టడం కన్నా స్లాబు మీద సన్నటి పట్టీలు బిగించి వాటికి తగిలిస్తే మేలు. మధ్యలో గాలి ఆడుతుంది, వేడి తగ్గుతుంది, విరిగిన పెంకు ఒక్కటే తీసి మార్చుకోవచ్చు.

మూడోది చదును డాబా. దాని మీద వేసే తెల్లటి కూల్ టైల్స్ వేరే జాతి. నేల మీద పలకల్లా పరిచేవే తప్ప, నీళ్లని జార్చే పెంకులు కావు. మీ అవసరం ఎండ తాపం తగ్గించుకోవడమే అయితే ట్రస్ ఖర్చు లేకుండా వాటితో సరిపెట్టుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకి చల్లటి కప్పు తప్పనిసరి చేసింది. అంత స్థలంలో కడుతుంటే ప్లాను దశలోనే ఈ సంగతి మాట్లాడుకోండి.

వాలు కొలవండి

పెంకు కప్పు నీటిని ఆపదు, జారుస్తుంది. పైపెంకు కిందపెంకు మీదకి రెండున్నర అంగుళాల మేర ఎక్కి ఉంటుంది, ఆ మడతే మనకి రక్ష. వాలు తక్కువైతే నీరు నెమ్మదిగా దిగుతుంది, ఎదురుగాలి కొట్టినప్పుడు ఆ మడత కిందినుంచి వెనక్కి ఎక్కి లోపల పడుతుంది. పెంకు ఎంత మంచిదైనా వాలు చాలకపోతే ఇల్లు కారుతుంది. ఆ తర్వాత ఎంత సిమెంటు పూసినా ఆగదు.

కొలిచే పద్ధతి తేలిక. చూరు దగ్గరనుంచి నడికొప్పు (రెండు వాలులూ పైన కలిసే చోటు) కిందివరకు అడ్డంగా దూరం కొలవండి. అదే మేరలో కప్పు ఎంత ఎత్తు లేచిందో కొలవండి. మంగళూరు పెంకుకి 12 అడుగుల అడ్డానికి 5 నుంచి 7 అడుగుల లేపు ఉండాలి, అంటే 22 నుంచి 30 డిగ్రీలు. అర్ధచంద్రం ఆకారపు గూన పెంకుకి 6 అడుగులకి తగ్గకూడదు. కాంక్రీటు పెంకుకి కనీస వాలు అచ్చునిబట్టి మారుతుంది, కంపెనీవాళ్లు కాగితం మీద ఇస్తారు, అడిగి తీసుకోండి. 12కి 3 అడుగులే లేచే కప్పు మీద ఏ మట్టి పెంకూ వేయకండి. అంత తక్కువ వాలు తప్పదనుకుంటే అతుకులు తక్కువుండే పొడుగాటి షీట్లే గతి.

డాబా మీద షెడ్డు వేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎత్తు పెరిగితే పైపు ఖర్చు పెరుగుతుందని వాలు తగ్గించేస్తారు, పైన మాత్రం పెంకే కావాలంటారు. పైపుల్లో మిగిలిన డబ్బు మొదటి వానాకాలానికే లీకుల మీద ఖర్చయిపోతుంది.

బరువు లెక్క కట్టండి

20 అడుగులు, 30 అడుగుల ఇల్లు అనుకుందాం. చూరుతో కలిపి కప్పు కింద నేల 600 చదరపు అడుగులు. 12కి 6 వాలు ఉంటే దాన్ని 1.12తో గుణించాలి. అసలు కప్పు విస్తీర్ణం 670 చదరపు అడుగులు, అంటే సుమారు 62 చదరపు మీటర్లు.

మంగళూరు పెంకులు చదరపు మీటరుకి 15 పడతాయి. మొత్తం 930, ఒక్కోటి రెండున్నర కిలోలు వేసుకుంటే 2,300 కిలోల పైమాటే. వానలో తడిస్తే మరో మూడు నాలుగు వందల కిలోలు కలుస్తాయి. కాంక్రీటు పెంకులు మీటరుకి 10 చాలు, కానీ ఒక్కోటీ నాలుగున్నర కిలోల దాకా ఉంటుంది కాబట్టి మొత్తం 2,800 కిలోలు. గూన పెంకులు రెండు వరసలుగా నేస్తే పట్టీలతో కలిపి మీటరుకి 120 కిలోల లెక్కన ఏడు టన్నులు దాటుతుంది. పాతకాలం ఇళ్లలో అంత లావు దూలాలు ఎందుకు పెట్టారో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పెంకు షీట్లయితే నాలుగు వందల కిలోల లోపే.

ఈ లెక్కనిబట్టి రెండు సంగతులు తేలతాయి. పాత గూన పెంకుల ఇంటికి కప్పు మార్చి మంగళూరు పెంకో కాంక్రీటు పెంకో వేస్తుంటే బరువు తగ్గుతుంది. దూలాలకి చెద పట్టలేదని పొడిచి చూసుకుంటే చాలు. కానీ సిమెంటు రేకులు తీసేసి పెంకు వేస్తున్నారా? అదే కొలతకి రేకులు టన్ను దగ్గర్లో ఉంటాయి. ఇప్పుడు రెండున్నర, మూడు టన్నులు ఎక్కిస్తున్నారు. రేకుల కోసం వేసిన సన్నపైపులు ఆ బరువుకి మొదటి రోజే విరక్కపోవచ్చు, ఏడాదికేడాది కుంగుతాయి. కుంగిన చోట వాలు పోతుంది, పెంకుల మడతలు విచ్చుకుంటాయి. చట్రాన్ని ఇంజనీరుకి చూపించకుండా ఈ మార్పు చేయొద్దు. డాబా మీద ట్రస్ అయితే కాళ్లు స్లాబు మధ్యలో కాకుండా కింద స్తంభమో బీమో ఉన్నచోటే దిగేలా చూడండి.

మీ ఊరి గాలి

భవనాల మీద గాలి తాకిడి లెక్కకి ఐఎస్ 875 మూడో భాగం అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాదుకి 44, కర్నూలుకి 39. ఈ తేడా చిన్నది కాదు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి కర్నూలులో కప్పు మీద పడే దానికన్నా విశాఖలో పడేది ఇంచుమించు అరవై శాతం ఎక్కువ.

తుపాను గాలి పెంకుని పైనుంచి నొక్కదు, పైకి పీకుతుంది. ముందు లేచిపోయేవి చూరు అంచు, నడికొప్పు, పక్క అంచుల్లో ఉన్న పెంకులు. ఒక్కటి లేచిందంటే ఆ సందులోంచి గాలి లోపలికి దూరి మిగతావాటిని కిందనుంచి తోస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడూ, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడూ ఉత్తరాంధ్రకి ఈ పాఠం బాగా అందింది.

అందుకని తీరప్రాంతంలో కట్టేవాళ్లు పెంకు రకం కన్నా ముందు బిగింపు గురించి అడగాలి. పెంకుకి వెనకవైపు తీగ కట్టుకునే కన్నమో, పైఅంచున స్క్రూ దిగే రంధ్రమో ఉందా? లేకపోతే ఆ పెంకు మీకు పనికిరాదు. అంచుల్లోనే కాదు, తీరంలో ప్రతి పెంకునీ కట్టాలి. కప్పు వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండి, రెండు పక్కలకే కాకుండా నాలుగు పక్కలకీ వాలు దిగితే గాలి పీకుడు తగ్గుతుంది. చూరు అడుగున్నర దాటి బయటికి పోనివ్వకండి. వాన జల్లు లోపలికి రాకూడదని మూడేసి అడుగుల చూరు పెట్టడం మన అలవాటు. తీరంలో ఆ నీడ కావాలంటే వసారాకి విడిగా కప్పు వేసుకోండి. తుపానుకి అది పోయినా అసలు ఇల్లు మిగులుతుంది.

ఇప్పుడు రకాలు

మంగళూరు పెంకు. కోస్తాలో బెంగళూరు పెంకు అనీ బంగళా పెంకు అనీ పిలిచేది దీన్నే. బాసెల్ మిషన్ వాళ్లు 1860ల్లో మంగళూరులో నేత్రావతి, గురుపుర నదుల ఒండ్రుమట్టితో మొదలుపెట్టిన అచ్చు ఇది. అంచుల్లోని గాళ్లు (గాడులు) ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా ఉండటం దీని గొప్పదనం. గూన పెంకుతో పోలిస్తే సగం బరువుకే ఇల్లు కప్పేసింది. మన తీరమంతా పాకిపోవడానికి కారణం అదే. ఇప్పటికీ కుందాపురంలోనూ, కేరళలో ఫెరోక్, ఒల్లూరు వైపూ తయారవుతోంది.

ఐఎస్ 654 ప్రమాణంలో దీనికి మూడు కొలతలున్నాయి: 410 గుణకారం 235 మిల్లీమీటర్లు, 420 గుణకారం 250, 425 గుణకారం 260. నాణ్యతలో ఏఏ, ఏ అని రెండు తరగతులు. బాగా కాలిన మంచి మట్టి పెంకు అరవై డెబ్భై ఏళ్లు ఉంటుంది. ఆ వయసు కప్పులు గోదావరి జిల్లాల్లో నేటికీ చూడొచ్చు. రంగు వెలిసిపోదు, ఎందుకంటే పైపూత లేదు, మట్టి రంగే అది. నాచు పట్టడం, తేలిగ్గా విరగడం దీని లోపాలు. అయినా వాలూ చట్రమూ సరిగ్గా ఉండి, కొబ్బరిచెట్టు నెత్తిన లేకపోతే నేను ముందు చెప్పేది దీన్నే.

పాత ఇళ్లు విప్పినచోట దొరికే పెంకుల సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో బాగా కాల్చినవి కావడంతో చాలావరకు కొత్తవాటి కన్నా గట్టిగా ఉంటాయి, చవగ్గానూ వస్తాయి. కాకపోతే ఒక్కో ఫ్యాక్టరీ అచ్చు ఒక్కోలా ఉంటుంది. పెంకు వెనక ముద్ర చూసి ఒకే ముద్ర ఉన్నవాటినే ఏరుకోండి. రెండు అచ్చులు కలిపితే గాళ్లు కలవవు, కారడం ఖాయం. ముద్రలు రెండు రకాలొస్తే ఒక వాలుకి ఒకటి, రెండో వాలుకి ఇంకోటి వేసుకోవచ్చు.

గూన పెంకు. కుమ్మరి సారె మీద చేసి నిలువునా చీల్చే అర్ధచంద్రం పెంకు. పాత ఇంటిని ఉన్నది ఉన్నట్టు నిలుపుకోవాలనుకుంటే తప్ప కొత్తగా దీని జోలికి వెళ్లమని చెప్పను. అందం లేక కాదు, నేసేవాళ్లు కరవయ్యారు. ఏటా వానాకాలం ముందు సర్ది నేయించుకోవాలి. ఆ పని తెలిసిన మనిషి మీ చుట్టుపక్కల ఉంటేనే ఆలోచించండి.

కాంక్రీటు పెంకు. సిమెంటు, ఇసుక, రంగు కలిపి యంత్రంలో నొక్కి చేసేది. కొలత కచ్చితంగా ఉంటుంది, స్క్రూ రంధ్రాలతో వస్తుంది, బలం మట్టి పెంకు కన్నా ఎక్కువ. తీరప్రాంతానికీ, కోతుల బెడద ఉన్న ఊళ్లకీ ఇది నప్పుతుంది. మట్టి పెంకుని వదులుగా పరిస్తే కోతి ఎత్తి పక్కన పెట్టేస్తుంది. స్క్రూ బిగించిన కాంక్రీటు పెంకుని కదల్చలేదు. కొనేటప్పుడు విరిగిన ముక్క ఒకటి అడిగి చూడండి. లోపల కూడా అదే రంగుందా, పైన పూతేనా? పూత అయితే మన ఎండలకి కొన్నేళ్లలో వెలుస్తుంది, మళ్లీ పెయింటు కొట్టాల్సిందే. లోపలిదాకా కలిసిన రంగూ కాస్త మాసిపోతుంది గానీ చారలుగా ఊడదు.

మెరుపు పూత సెరామిక్ పెంకు. నీళ్లు దాదాపు పీల్చదు, నాచు పట్టదు, కడిగితే కొత్తదానిలా ఉంటుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి ఎక్కువగా వస్తోంది. ఖర్చు ఎక్కువ. కోసిన అంచుల దగ్గర పూత రాలుతుంది కాబట్టి మూలలూ మలుపులూ ఎక్కువున్న కప్పుకన్నా సాదా రెండు వాలుల కప్పుకి బాగుంటుంది.

పెంకు ఆకారపు లోహపు షీట్లు, యూపీవీసీ షీట్లు. తేలిక, త్వరగా అయిపోతాయి. బలం లేని పాత గోడల మీదా డాబా షెడ్లకీ పనికొస్తాయి. లోహం మీద వాన చప్పుడు గట్టిగా ఉంటుంది, పైన రాతి పొడి అద్దినవైతే కొంత నయం. సముద్రానికి దగ్గర్లో కోసిన అంచులూ స్క్రూ కన్నాలూ ముందు తుప్పు పడతాయి. యూపీవీసీ తుప్పు పట్టదు గానీ ఎండకి సాగి రాత్రికి ముడుచుకుంటుంది. స్క్రూ కన్నం కాస్త వెడల్పుగా వేసి, రబ్బరు వాషరు పెట్టి బిగించకపోతే కన్నం దగ్గర చీలుతుంది.

సిమెంటు రేకుల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకు కొత్త ఇంటికి వేయొద్దు. ఆస్‌బెస్టాస్ నార ఊపిరితిత్తులకి క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది, ఎన్నో దేశాలు నిషేధించాయి. ఇప్పటికే ఇంటిమీద ఉంటే అది కదలకుండా ఉన్నంతవరకు కంగారు అక్కర్లేదు. తీసేటప్పుడే జాగ్రత్త: నీళ్లతో తడిపి, పగలగొట్టకుండా, మరలు విప్పి నిండు రేకుగా దించండి. రంపంతో కోయడం, పొడిగా ఉండగా కన్నాలు వేయడం, ముక్కల్ని దారిలో పోసి తొక్కించడం చేయకండి. పనివాళ్లకి మంచి మాస్కులు ఇవ్వండి, పిల్లల్ని ఆ పూట అక్కడ ఉండనివ్వకండి.

తాండూరు, కర్నూలు, కడప వైపు నాపరాళ్లు దొరికే ఊళ్లలో బండల కప్పు పద్ధతి ఉంది. అది మీ ఊరి మేస్త్రీకి తెలిసిన విద్య అయితే నిశ్చింతగా కట్టించుకోవచ్చు. దూరం నుంచి తెప్పించుకుంటే రవాణాకే ఖర్చంతా పోతుంది.

నమూనా తెచ్చి పరీక్షించండి

మట్టి పెంకు కొనేముందు లోడులోంచి, పైవరసవే కాకుండా అక్కడక్కడా లోపలివి కూడా తీసి, ఆరు పెంకులు ఇంటికి తెచ్చుకోండి. దుకాణంవాడు ఇవ్వనంటే ఇంకో దుకాణం చూసుకోండి.

ఒక చేత్తో పెంకు అంచు పట్టుకుని వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో కొట్టండి. ఖంగున మోగితే బాగా కాలింది, పగులు లేదు. దబ్బుమని మొద్దు చప్పుడొస్తే పక్కన పెట్టేయండి. తర్వాత రెండ్రోజులు ఎండబెట్టి తూకం వేయండి. 24 గంటలు నీళ్లలో ముంచి, బయటికి తీసి, పైతడి గుడ్డతో తుడిచి మళ్లీ తూయండి. రెండున్నర కిలోల పెంకు 2 కిలోల 950 గ్రాములు తూగితే 18 శాతం పీల్చినట్టు. మూడు కిలోలు దాటితే 20 శాతం మించింది, ఆ సరుకు వద్దు.

మూడో పరీక్షకి పెంకు పైముఖం చుట్టూ బంకమట్టితో గట్టు కట్టి నీళ్లు పోసి ఆరు గంటలు వదలండి. అడుగున చెమ్మ కనిపించినా ఫర్వాలేదు, బొట్లు రాలకూడదు. ఇక బలానికి, రెండు ఇటుకల మీద ఒక అడుగు ఎడంతో పెంకు పెట్టి మధ్యలో ఒక మనిషి నెమ్మదిగా నిలబడాలి. విరగకూడదు. కింద మెత్తటి ఇసుక పోసుకుని, చెప్పులతో చేయండి.

చాలామంది వదిలేసేది ఒకటుంది. పెంకు ఒంట్లో తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయేమో చూడండి. అవి మట్టిలో ఉన్న సున్నపురాయి గింజలు. కాలినప్పుడు సున్నమవుతాయి, తడి తగిలాక ఉబ్బుతాయి, వారం పది రోజుల్లో పెంకు పైన చిన్న చిన్న గుంటలుగా పేలి ఊడతాయి. తడిపిన పెంకుల్ని వెంటనే తిరిగిచ్చేయకుండా పది రోజులు నీడన ఉంచమనేది అందుకే.

కాంక్రీటు పెంకుకి ఈ పరీక్షలన్నీ అక్కర్లేదు. తయారై నాలుగు వారాలు దాటిందా అని అడగండి, మూల గోటితో గీకితే పొడి రాలుతోందేమో చూడండి.

వేడి మాట

మట్టి పెంకు కింద చల్లగా ఉంటుందనేది పాతింటి అనుభవం. ఆ చల్లదనంలో పెంకు వాటా కొంతే. ఎత్తయిన కప్పు, పెంకుల సందుల్లోంచి పోయే వేడిగాలి, కింద వేసిన అటక కలిసి ఇచ్చిందే ఎక్కువ. తొమ్మిది అడుగుల ఎత్తులో పెంకు వేసి పడుకుంటే మే నెలలో మట్టి పెంకు కూడా సెగ కక్కుతుంది. అందుకని రెండు పొరలు వేసుకోండి. మంగళూరు పెంకు కింద పూల నగిషీతో సీలింగు పెంకు దొరుకుతుంది, కిందినుంచి చూస్తే చట్రం మీద ముందు ఇది, దాని మీద గాలి సందు, ఆపైన అసలు పెంకు. ఖర్చూ బరువూ పెరుగుతాయి, చట్రం లెక్కలో ముందే కలపాలి. చవగ్గా కావాలంటే వెదురు తడిక సీలింగు. వెండిరేకు పూతున్న ఫోమ్ షీటు వేయిస్తే పెంకుకీ దానికీ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండేలా చూడండి. పెంకుకి అంటుకుని ఉంటే ఆ మెరుపు వేడిని తిప్పికొట్టదు. కప్పు ఎత్తున రెండు పక్క గోడల్లో ఎదురెదురుగా కన్నాలు వదిలి వలేయండి. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

వెలుతురు చాలని గదికి గాజు పెంకు ఉండనే ఉంది. మంగళూరు పెంకు కొలతలోనే వస్తుంది. ఉత్తరం వాలులో ఒకటి రెండు చాలు. పడమటి వాలులో పెడితే సాయంత్రం ఎండ సూటిగా లోపలికి దిగుతుంది.

ధర పోల్చే పద్ధతి

పెంకు ధర పెంకుకి చెబుతారు, అది పోల్చడానికి పనికిరాదు. మంగళూరు పెంకు 15 పడేచోట కాంక్రీటువి 10 పడతాయి. కాబట్టి పరిచిన చదరపు అడుగుకి లెక్క కట్టండి: పెంకులు, నడికొప్పు పెంకులు, మూలల పెంకులు, రవాణా, దారిలో విరిగేవి, పట్టీలు, మరలో తీగో, కూలీ. దానికి చట్రం ఖర్చు కలపండి. షీట్లు పెంకులకన్నా ఖరీదుగా కనిపించినా పైపులు తగ్గడం వల్ల మొత్తం మీద సమానమయ్యే సందర్భాలున్నాయి. తిరిగి పదిహేనేళ్లకి మార్చాల్సిన షీటుకీ, నాలుగు పెంకులు మారిస్తే సరిపోయే మట్టి కప్పుకీ తేడా కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

విరిగేవాటి కోసం మట్టి పెంకుల్లో పది శాతం, కాంక్రీటు పెంకుల్లో ఐదు శాతం కలిపి ఒకేసారి తెప్పించండి. తర్వాత తెచ్చే లోడులో రంగు తేడా వస్తుంది, కొలతలోనూ ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు.

పట్టీలు కొట్టేముందు

పెంకులు దిగకముందే వెల్డరు పట్టీలు అతికించేయడం నేను తరచూ చూసే పొరపాటు. కొత్త పెంకు ఏ ఎడంలో కూర్చుంటుందో పెంకునే అడగాలి. చదును నేల మీద పది పెంకులు నిలువు వరసలో గాళ్లు కలిపి పరవండి. అన్నిటినీ దగ్గరికి నొక్కి మొదటి పెంకు కొక్కెం నుంచి పదో పెంకు కొక్కెం దాకా కొలవండి. తర్వాత గాడి తప్పకుండా ఎంత వీలైతే అంత వెనక్కి లాగి మళ్లీ కొలవండి. రెండిటి సగటుని తొమ్మిదితో భాగిస్తే పట్టీకీ పట్టీకీ మధ్య ఎడం వస్తుంది. మంగళూరు పెంకుకి అది పన్నెండున్నర అంగుళాల దగ్గర తేలుతుంది, కానీ మీ లోడు అంకె మీదే. అరంగుళం తేడా వస్తే వరసలన్నీ పూర్తయ్యేసరికి కొప్పు దగ్గర సగం పెంకు ఖాళీ మిగులుతుంది.

చూరు దగ్గర మొదటి పట్టీ మిగతావాటికన్నా పెంకు మందమంత ఎత్తు ఉండాలి, లేకపోతే కింది వరస ముందుకి వాలిపోతుంది. ఇనప చట్రమైతే వెల్డింగు అతుకుల మీది పెచ్చులు గీకి, తుప్పు ఆపే రెడాక్సైడు, ఆపైన పెయింటు పెంకు ఎక్కకముందే పడాలి. తర్వాత బ్రష్షు దూరదు. పెంకుల్ని రెండు వాలుల మీదా సమానంగా ఎక్కించమని మేస్త్రీకి చెప్పండి. ఒక పక్కే పూర్తి చేస్తే చట్రం ఆ వైపు ఒరుగుతుంది. నడికొప్పు పెంకులకి సిమెంటు వాటా తక్కువ ఉన్న మెత్తటి సున్నం సిమెంటు మాలు వాడితే ఎండకి పగుళ్లు తక్కువ.

పని అయ్యాక మిగిలిన పెంకుల్ని పారేయకండి, నిలబెట్టి గోడకి ఆనించి నీడన దాచండి. ఏటా రోహిణి కార్తె పోకముందే ఎవరన్నా పెంకుల మీద కాకుండా పట్టీల వెంట అడుగేస్తూ, లేదా పైన పలక పరుచుకుని ఎక్కి, కొప్పు పగుళ్లూ జరిగిన పెంకులూ రెండు వాలులు కలిసే పల్లంలో వేసిన లోయ రేకులో పేరుకున్న ఆకులూ చూసుకోవాలి. నాచుని గట్టి బ్రష్షుతో రుద్దితే చాలు. ప్రెషరు పంపుతో కడగొద్దు, పైపొర లేచిపోయి పెంకు నీళ్లు పీల్చడం మొదలవుతుంది.